మెడిసినల్ కెమిస్ట్ పరిశోధన విలువను ఎలా తెలుసుకోవాలి? గుంటూరు ఎం.ఫార్మసీ విద్యార్థిని ప్రశ్నకు సమాధానం

మీరు అడిగిన విషయాన్ని ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను, ఎందుకంటే ఇదే సందేహంలో ఉన్న ఇతర విద్యార్థులు కూడా ఈ సమాధానం చదువుతారు. మీరు గుంటూరులో ఫార్మాస్యూటికల్ కెమిస్ట్రీలో ఎం.ఫార్మసీ పూర్తిచేశారు. పీహెచ్‌డీకి తీసుకోవడానికి ఇద్దరు గైడ్‌లు సుముఖంగా ఉన్నారు. మొదటి ఆచార్యుడికి రెండు వందలకు పైగా పత్రాలు, నలభైకి చేరువలో హెచ్-ఇండెక్స్, ప్రపంచంలోని అగ్రశ్రేణి రెండు శాతం శాస్త్రవేత్తల జాబితాలో పేరు ఉన్నాయి. రెండవ ఆచార్యురాలు ఒక మందుల కంపెనీ పరిశోధన విభాగంలో చాలాకాలం పనిచేసి బోధనకు వచ్చారు; ఆమె పత్రాలు ముప్పై దాటలేదు, హెచ్-ఇండెక్స్ పన్నెండు, కొన్ని పేటెంట్లలో ఆవిష్కర్తగా పేరుంది. ఇంట్లో పెద్దలూ తోటి విద్యార్థులూ మొదటి వారి దగ్గరే చేరమంటున్నారు. ఒక మెడిసినల్ కెమిస్ట్, అంటే కొత్త మందుల అణువులను రూపొందించే రసాయన శాస్త్రవేత్త, చేసిన పరిశోధనకు నిజంగా ఎంత ప్రభావం ఉందో తెలుసుకోవడం ఎలా అన్నది మీ ప్రశ్న.

హైదరాబాదులో కొత్త మందుల అన్వేషణ జరిగే ప్రయోగశాలల్లో చాలా ఏళ్లు పనిచేసి, ఆ తరువాత విజయవాడలో ఫార్మసీ విద్యార్థులకు పాఠాలు చెబుతున్న అనుభవంతో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ రంగంలో ఒకరి పని విలువ తెలియాలంటే, వారు తయారుచేసిన అణువును చూసి, లేదా వారు చూపిన పద్ధతిని చూసి, ఇతరులు తమ ప్రయోగశాలల్లో ఏ నిర్ణయం తీసుకున్నారో వెతకాలి. ఎవరైనా ఆ అణువును మళ్లీ తయారుచేశారా, దాని నుంచి మొదలుపెట్టి మెరుగైనదాన్ని సాధించారా, అది విఫలమైన తీరు చూసి తమ దారి మార్చుకున్నారా, ఆ పద్ధతితో ఏ కర్మాగారంలోనైనా మందు తయారైందా అన్నవి అడగవలసిన ప్రశ్నలు. హెచ్-ఇండెక్స్ వంటి అంకెలు ఈ ప్రశ్నల దాకా మనల్ని తీసుకురాగలవు గాని వాటికి జవాబు ఇవ్వలేవు.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఒకరి పత్రాల్లో నలభై పత్రాలకు ఒక్కొక్కదానికి కనీసం నలభై సైటేషన్లు, అంటే ఇతర పత్రాల్లో ప్రస్తావనలు, వస్తే వారి హెచ్-ఇండెక్స్ నలభై. ఈ అంకె వయసుతో పాటు పెరుగుతుందే తప్ప తగ్గదు. ఇరవైమంది రచయితల్లో పదిహేనో పేరుకూ, ఒక్కరే రాసిన పత్రానికీ ఒకే విలువ ఇస్తుంది. కొత్త అణువును ప్రకటించే పత్రానికీ, ఇతరుల పనిని సంగ్రహించే రివ్యూకూ తేడా చూపదు. రివ్యూలకు సాధారణంగా సైటేషన్లు ఎక్కువ వస్తాయి కనుక, మొదటి ఆచార్యుడి నలభైలో రివ్యూలు ఎన్నో మీరు విడిగా లెక్కపెట్టి చూడండి. రెండు శాతం జాబితాను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ ఐయోనిడిస్ బృందం స్కోపస్ అనే పరిశోధన పత్రాల డేటాబేస్ సమాచారం ఆధారంగా తయారుచేస్తోంది. అది మొదటి రచయితగా, చివరి రచయితగా, ఏకైక రచయితగా రాసిన పత్రాలకు వచ్చిన సైటేషన్లతో సహా ఆరు సూచికలను కలిపి చూస్తుంది కాబట్టి ఒక్క హెచ్-ఇండెక్స్ కన్నా మెరుగైన కొలతే. కాని అందులో జీవితకాలపు జాబితా వేరు, ఒక్క సంవత్సరపు జాబితా వేరు. కళాశాల గేటు దగ్గర కట్టే అభినందన ఫ్లెక్సీ మీద అది ఏ జాబితానో సాధారణంగా ఉండదు. మీరు అడిగి తెలుసుకోవాలి. అందులో పేరుండటం గౌరవమే. ఆ పత్రాల్లోని రసాయనం సరైనదా, ఆ అణువుల్లో ఒక్కటైనా ముందుకు వెళ్లిందా అన్నది మాత్రం ఆ జాబితా చెప్పదు.

కంపెనీలో పనిచేసిన వారికి పత్రాలు తక్కువగా ఉండటానికి వేరే కారణాలున్నాయి. పేటెంట్ దరఖాస్తు దాఖలైన తరువాత మామూలుగా పద్దెనిమిది నెలలకు గాని బయటికి రాదు. ప్రాజెక్టు నడుస్తున్నంత కాలం పోటీ కంపెనీలకు తెలియకూడదని పత్రం రాయనివ్వరు. చివరికి ప్రాజెక్టు ఆగిపోయాకో, అణువు మనుషులపై పరీక్షలకు వెళ్లాకో ఒకటి రెండు పత్రాలు వెలువడతాయి. అంటే పదిమంది రసాయన శాస్త్రవేత్తలు కొన్నేళ్లపాటు వందలకొద్దీ అణువులు తయారుచేసి, వాటిలో ఏది కాలేయంలో విచ్ఛిన్నమవుతుందో, ఏది గుండె లయను దెబ్బతీస్తుందో తేల్చుకున్న శ్రమ అంతా కలిపి సైటేషన్ల పట్టికలో ఒక్క వరుసగా కనిపిస్తుంది. ఈ సందర్భంలో గెర్‌ట్రూడ్ ఎలియన్‌ను గుర్తుచేయకుండా ఉండలేను. ఉద్యోగం మానుకుని పూర్తికాలం చదివితేనే డాక్టరేట్ అన్నప్పుడు ఆమె ఉద్యోగాన్నే ఎంచుకున్నారు, ఎం.ఎస్‌సీతోనే ఒక మందుల కంపెనీలో పనిచేస్తూ జార్జ్ హిచింగ్స్‌తో కలిసి లుకేమియాకు 6-మెర్‌కాప్టోప్యూరిన్, అవయవ మార్పిడికి అజథయోప్రిన్, గౌట్‌కు అలోప్యూరినాల్ తెచ్చారు. 1988లో వారిద్దరికీ, జేమ్స్ బ్లాక్‌కూ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే పేటెంట్ అన్న మాట వినగానే తలవంచనవసరం లేదు. మన దేశంలో దరఖాస్తు ప్రచురితం కావడం వేరు, పరీక్ష పూర్తయి పేటెంట్ మంజూరు కావడం వేరు. బయోడేటాల్లో ఈ రెండూ ఒకే శీర్షిక కింద కనిపిస్తాయి. పేటెంట్ కార్యాలయపు వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి చూస్తే మంజూరైందా, రుసుము కట్టి కొనసాగిస్తున్నారా, వదిలేశారా అన్నది తెలుస్తుంది. తరువాత వచ్చిన ఇతర కంపెనీల పేటెంట్లు దాన్ని ప్రస్తావించాయా అన్నది కూడా చూడండి, ఎందుకంటే పోటీదారుడు లెక్కలోకి తీసుకున్న అణువు అంటే దానికి బరువున్నట్టే.

ఇప్పుడు పత్రాన్ని తెరిచి చదవడం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మన ప్రాంతపు కళాశాలల నుంచి వచ్చే పత్రాల్లో నన్ను ఎక్కువగా బాధించేది ఇక్కడే ఉంది. ఒక సాధారణ పత్రం తీసుకోండి. చాల్కోన్, షిఫ్ బేస్ వంటి తేలికగా తయారయ్యే పదార్థాల నుంచి ఒక వలయాన్ని నిర్మించి, ఫినైల్ వలయం మీద క్లోరో, మెథాక్సీ, నైట్రో, మిథైల్ అంటూ పన్నెండు ఉత్పన్నాలు తయారుచేస్తారు. ఆ పన్నెండే ఎందుకు అంటే, ఆ ఆల్డిహైడ్లు అల్మారాలో ఉన్నాయి కాబట్టి. తరువాత బాక్టీరియా పెంచే ముల్లర్-హింటన్ అగర్ మీద ఆ అణువులున్న ఆరు మిల్లీమీటర్ల డిస్కులు పెట్టి, మర్నాడు బాక్టీరియా పెరగని నిరోధక వలయాన్ని స్కేలుతో కొలిచి, ఒకదానికి 16 మిల్లీమీటర్లు, మరొకదానికి 18 మిల్లీమీటర్లు వచ్చాయి కనుక రెండోది మెరుగని, క్లోరిన్ ఉండటం వల్లే శక్తి పెరిగిందని రాస్తారు. కాని ఆ వలయపు వెడల్పు అణువు శక్తి ఒక్కదాని మీదే ఆధారపడదు. అది నీటిలో ఎంత కరుగుతుంది, అగర్‌లో ఎంత దూరం వ్యాపిస్తుంది అన్నవి కూడా అందులో కలిసిపోయి ఉంటాయి. కొవ్వు స్వభావం ఎక్కువైన అణువు ఎంత బలమైనదైనా డిస్కు పక్కనే ఆగిపోయి చిన్న వలయాన్నే ఇస్తుంది. రెండు మిల్లీమీటర్ల తేడాతో నిర్మాణానికీ చర్యకూ సంబంధం రాయడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ద్రవ మాధ్యమంలో పలుచన చేస్తూ కనీస నిరోధక గాఢత, అంటే ఎంఐసీ, కొలవాలి. అది కూడా మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు వచ్చిందనుకోండి, సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇ.కోలై బాక్టీరియా ప్రామాణిక జాతి మీద మిల్లీలీటరుకు 0.015 మైక్రోగ్రాముల దగ్గరే, అంతకన్నా తక్కువలో కూడా, పనిచేస్తుందని గుర్తుంచుకుంటే, ఆ కొత్త అణువు కొన్ని వేల రెట్లు బలహీనమని తెలుస్తుంది. దాన్ని మంచి చర్య అని రాయడం విద్యార్థికే అన్యాయం చేయడం, ఎందుకంటే ఆ అమ్మాయి లేదా అబ్బాయి దాన్నే నిజమైన పరిశోధనగా నేర్చుకుంటారు.

దీనికి భిన్నంగా మంచి పత్రంలో అణువులు తయారైన వరుసకు ఒక కారణం ఉంటుంది. 1972లో జాన్ టాప్‌లిస్ ప్రతిపాదించిన పద్ధతిని మీరు సిలబస్‌లో చదివే ఉంటారు: ముందు ఫినైల్, తరువాత 4-క్లోరో, అది మెరుగైతే 3,4-డైక్లోరో, తగ్గితే 4-మెథాక్సీ వైపు. అంటే తరువాత ఏది తయారుచేయాలో ముందు దాని ఫలితమే చెబుతుంది. నేను పత్రం చదివేటప్పుడు ఏడో అణువు ఎందుకు తయారైందో నాలుగో అణువు ఫలితంలో వెతుకుతాను. అది దొరికితే ఆ ప్రయోగశాలలో ఆలోచన జరుగుతోందని అర్థం. ఆ తరువాత చర్యతో పాటు కరిగే గుణం, కాలేయ మైక్రోసోముల్లో (మందులను విచ్ఛిన్నం చేసే ఎంజైములున్న కాలేయ కణ భాగాల్లో) నిలకడ, మామూలు కణాల మీద విషప్రభావం కూడా కొలిచారా అని చూస్తాను. ఒక అణువు బలమైనదే అయినా నిలకడ లేక వదిలేశామని రాసిన పత్రం ఎక్కడైనా కనిపిస్తే ఆ రచయిత మీద నాకు గౌరవం పెరుగుతుంది. కేవలం డాకింగ్ స్కోరు, అంటే అణువు ప్రోటీన్‌లో ఎలా ఇముడుతుందో కంప్యూటర్ వేసిన అంచనా, చూపించి, ఏ ఎంజైము మీదా పరీక్షించకుండా, ఫలానా ప్రోటీన్‌ను నిరోధిస్తుందని తేల్చిన పత్రాలను మాత్రం పక్కన పెట్టవచ్చు.

సైటేషన్లకూ ఉపయోగానికీ మధ్య ఎంత దూరం ఉండవచ్చో చెప్పడానికి మన జిల్లా పంటే మంచి ఉదాహరణ. దుగ్గిరాల యార్డుకు వచ్చే పసుపులో ఉన్న కర్‌క్యుమిన్ మీద ప్రపంచవ్యాప్తంగా వేల పత్రాలు వచ్చాయి. క్యాన్సర్, మధుమేహం, అల్జీమర్స్ సహా అది పనిచేయని జబ్బు లేదన్నంతగా రాశారు. 2017లో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన కాథ్రిన్ నెల్సన్, మైకేల్ వాల్టర్స్, వారి సహచరులు ఆ సాహిత్యాన్నంతా మెడిసినల్ కెమిస్ట్ దృష్టితో పరిశీలించి జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో ఒక దీర్ఘ వ్యాసం ప్రచురించారు. కర్‌క్యుమిన్ మీద 120కి పైగా క్లినికల్ పరీక్షలు జరిగినా, అప్పటికి డబుల్ బ్లైండ్ (ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ వైద్యుడికీ తెలియని), ప్లాసిబో (ఉత్తుత్తి మందు) నియంత్రణతో జరిగిన ఏ పరీక్షా విజయవంతం కాలేదని వారు తేల్చారు. కారణాలు రసాయనంలోనే ఉన్నాయి. 37 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7.2 ఉన్న బఫర్‌లో, సీరం లేకుండా ఉంచితే అరగంటలో దాదాపు 90 శాతం విచ్ఛిన్నమవుతుంది. నోటి ద్వారా గ్రాముల లెక్కన ఇచ్చినా రక్తంలోకి చేరేది అత్యల్పం. అది స్వయంగా వెలుగు విడుదల చేస్తుంది కనుక ఫ్లోరసెన్స్ ఆధారిత పరీక్షలను తప్పుదారి పట్టిస్తుంది, లోహాలను పట్టుకుంటుంది, ప్రోటీన్లతో ఎడాపెడా చర్య జరుపుతుంది. ఇలా ఏ పరీక్షలో పెట్టినా పాజిటివ్‌గా కనిపించే అణువుల నిర్మాణాలను 2010లో జొనాథన్ బేల్, జార్జినా హాలోవే ఒక పత్రంలో వర్గీకరించి, పెయిన్స్ అని పేరుపెట్టి హెచ్చరించారు. గమనించవలసిన విషయం మరొకటుంది: నోటి ద్వారా ఇచ్చే మందుకు ఉండవలసిన లక్షణాల గురించి క్రిస్టఫర్ లిపిన్‌స్కీ 1997లో చెప్పిన ‘రూల్ ఆఫ్ ఫైవ్’ను కర్‌క్యుమిన్ హాయిగా పాటిస్తుంది. అణుభారం 368, పరిమితి 500. నియమం పాటించినంత మాత్రాన అణువు మందు అయిపోదని దీనివల్ల తెలుస్తుంది. పసుపును వంటలో వాడుకోవడానికీ దీనికీ సంబంధం లేదు. కాని కర్‌క్యుమిన్ మీద పది పత్రాలు రాసి వెయ్యి సైటేషన్లు పొందిన వ్యక్తికన్నా, అది ఎందుకు పనికిరాలేదో తేల్చిన ఒక్క వ్యాసం ప్రపంచానికి ఎక్కువ మేలు చేసిందని నేను నిస్సంకోచంగా అంటాను.

అలాగే సైటేషన్లు రానంత మాత్రాన పని వృథా అని కూడా అనుకోకండి. 1964లో అమెరికాలో జెరోమ్ హార్విట్జ్ క్యాన్సర్ కోసం ఏజెడ్‌టీ అనే అణువును తయారుచేశారు. లుకేమియా ఉన్న ఎలుకల మీద అది పనిచేయకపోవడంతో పక్కన పెట్టేశారు, పేటెంట్ కూడా తీసుకోలేదు. ఇరవై ఏళ్లు దాటాక అదే అణువు హెచ్‌ఐవీ వైరస్‌ను అడ్డుకుంటుందని కనుగొన్నారు. 1987 మార్చిలో ఎయిడ్స్‌కు ఆమోదం పొందిన మొదటి మందు అదే. 1980 నాటికి ఆయన హెచ్-ఇండెక్స్ లెక్కపెట్టి ఉంటే ఈ సంగతి ఎవరికీ కనబడేది కాదు.

ఈ ఏజెడ్‌టీ కథలో తరువాతి భాగం మనకు దగ్గరది. గుంటూరులో 1935లో పుట్టిన ఆళ్ల వెంకట రామారావు గారు పుణెలోని నేషనల్ కెమికల్ లాబొరేటరీలో కె.వెంకటరామన్ దగ్గర పీహెచ్‌డీ చేసి, హార్వర్డ్‌లో ఇ.జె.కోరీ వద్ద పనిచేసి, 1985 నుంచి 1995 వరకు ఇప్పుడు ఐఐసీటీగా (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) పిలిచే హైదరాబాదు సంస్థకు సంచాలకులుగా ఉన్నారు. ఆయన నాయకత్వంలో ఏజెడ్‌టీని ఇక్కడే తక్కువ ఖర్చుతో తయారుచేసే ప్రక్రియ రూపొంది, సిప్లా అనే మందుల కంపెనీ ద్వారా 1990ల మొదట్లో రోగులకు చేరింది. ఆ అణువును ఆయన కనుగొనలేదు. దాన్ని మన రోగి కొనుక్కోగలిగే మందుగా మార్చే దారి వేశారు. 1972లో అమల్లోకి వచ్చిన పేటెంట్ల చట్టం మందులకు ఉత్పత్తి పేటెంట్ (అణువు మీద హక్కు) కాకుండా ప్రక్రియ పేటెంట్ (తయారీ పద్ధతి మీద హక్కు) మాత్రమే ఇచ్చింది. 2005 వరకు అదే నడిచింది. ఆ కాలంలో మన రసాయన శాస్త్రవేత్తల ప్రతిభ ఎక్కువగా తెలిసిన అణువుకు కొత్త దారి వేయడంలో వ్యక్తమైంది. ఆ పనిలో చాలా భాగం కంపెనీల బ్యాచ్ రికార్డుల్లోనే ఉండిపోయింది కాబట్టి సైటేషన్ల పట్టికలో వెతికితే దొరకదు.

కృష్ణా నదికి గుంటూరు వైపు ఒడ్డున ఉన్న తాడేపల్లిలో పసుపు రైతు కుటుంబంలో పుట్టి, గుంటూరు ఏసీ కాలేజీలో చదివిన కల్లం అంజిరెడ్డి గారి ప్రయత్నం మరో రకమైనది. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన ఆయన, జెనరిక్ మందులతో ఆగకుండా కొత్త అణువుల అన్వేషణకు పరిశోధన కేంద్రం పెట్టారు. అక్కడ తయారైన బాలాగ్లిటాజోన్ అనే మధుమేహ అణువును 1997లో డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్ లైసెన్సు తీసుకుంది. ఒక భారతీయ కంపెనీ సొంత అణువును విదేశీ కంపెనీకి ఇవ్వడం అది మొదలు. తరువాత అదే కంపెనీకి ఇచ్చిన రాగాగ్లిటజార్ అనే మరో మధుమేహ అణువు పరీక్షలు, ఎలుకల మూత్రాశయంలో కణితులు కనిపించడంతో 2002లో ఆగిపోయాయి. రెండూ మందులు కాలేదు. కాని ఆ తరగతికి చెందిన పలు అణువుల్లో ఇలాంటి కణితులే కనిపించడంతో, ఆరు నెలలకు మించి మనుషులపై పరీక్షించాలంటే ముందు రెండేళ్ల జంతు పరీక్షలు పూర్తి కావాలని అమెరికా ఎఫ్‌డీఏ నిబంధన పెట్టింది. వైఫల్యం కూడా ఒక రంగం నడకను మార్చగలదనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. ఆ ప్రయోగశాలల్లో తయారైన రసాయన శాస్త్రవేత్తల తరం తరువాత హైదరాబాదు, బెంగుళూరు పరిశోధన సంస్థల నిండా పరుచుకుంది. దాన్ని కూడా ప్రభావంగానే లెక్కపెట్టాలి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు జీవరసాయన శాస్త్రవేత్త గనుక మీ ప్రశ్న పరిధికి కొంచెం బయటివారు, అయినా ఒక్క మాట చెప్పాలి. ఆయన పత్రాల్లో అత్యధికంగా ఉదహరించినది 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రాసిన, ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతి. అది ప్రతి ప్రయోగశాలకూ రోజూ అవసరమైన పద్ధతి, అందుకే అన్ని సైటేషన్లు. లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన బృందాల నుంచి వచ్చిన ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ, లుకేమియా పిల్లల మీద సిడ్నీ ఫార్బర్ 1948లో ఫలితం చూపించిన అమినోప్టెరిన్, దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ వంటివి ఆ అంకెలో కనబడవు. బోదకాలు నివారణకు మన కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర కూడా అక్కడి నుంచి వచ్చిందే.

ఇక మీరు చేయవలసిన పని. ఇద్దరి పత్రాల్లోంచి వారే ప్రధాన రచయితలైన ఐదేసి పత్రాలు తీసుకోండి. గూగుల్ స్కాలర్‌లో ఒక్కొక్కదాన్ని ఉదహరించిన పత్రాలు తెరిచి, ఆ ప్రస్తావన ఉన్న వాక్యాన్ని చదవండి. థయజోల్ ఉత్పన్నాలకు రకరకాల చర్యలున్నాయని రాసి పన్నెండు నుంచి ముప్పై ఎనిమిది వరకు సంఖ్యలన్నీ గుత్తగా పెట్టిన చోట మీ గైడ్ పత్రం ఉందంటే, దాన్ని ఎవరూ చదివి ఉండకపోవచ్చు. ఫలానా బృందం చూపిన పద్నాలుగో అణువు నుంచి మేము మొదలుపెట్టాం అని ఎవరైనా రాసి ఉంటే ఆ ఒక్క సైటేషన్ అలాంటి వందకు సమానం. ఎవరు ఉదహరిస్తున్నారో కూడా చూడండి. వారి పాత విద్యార్థులూ, వారూ ఒకరినొకరు ఉదహరించుకోవడమే ఎక్కువగా ఉంటే ఆ అంకె ఇంటి గడప దాటలేదు. పత్రంతో పాటు ఇచ్చే అనుబంధ సమాచారంలో అణువు నిర్మాణాన్ని నిర్ధారించే ఎన్ఎంఆర్ స్పెక్ట్రాలు బొమ్మలుగా ఉన్నాయా, పరీక్షించిన అణువుల స్వచ్ఛత 95 శాతానికి తగ్గకుండా ఉందని హెచ్‌పీఎల్‌సీ అనే స్వచ్ఛత కొలిచే పద్ధతితో చూపారా అని గమనించండి. మంచి జర్నళ్లలోని ఈ కొలతలు ఈనాడు కెంబుల్ (అణువుల జీవచర్యల కొలతలను భద్రపరిచేది) వంటి డేటాబేస్‌లలోకి చేరి, కృత్రిమ మేధ నమూనాలకు శిక్షణనిస్తున్నాయి. అందుచేత తప్పు కొలత ఒకప్పటికన్నా ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది.

మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో ఇద్దరి విద్యార్థుల థీసిస్‌లు దొరుకుతాయి. రెండు మూడు పక్కపక్కన పెట్టుకుని చూడండి. వలయం పేరు మార్చి మిగతా అధ్యాయాలన్నీ ఒకే మూసలో ఉంటే ఆ ప్రయోగశాలలో మీకు దొరికే శిక్షణ ఏమిటో అర్థమవుతుంది. ఆ విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో, వీలైతే వారితో మాట్లాడి, తెలుసుకోండి. పత్రాల సంఖ్య గురించి మీరు భయపడనవసరం లేదు: యూజీసీ 2022 నిబంధనల్లో థీసిస్ సమర్పణకు ముందు పత్రం ప్రచురించాలన్న తప్పనిసరి షరతు తీసేశారు, 2025 ఫిబ్రవరిలో గుర్తింపు పొందిన జర్నళ్ల కేర్ జాబితాను కూడా నిలిపివేశారు. మీ విశ్వవిద్యాలయం సొంతంగా ఏమైనా నియమం పెట్టిందేమో మాత్రం పరిశోధన విభాగంలో అడగండి.

మొదటి ఆచార్యుడి విషయంలో న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఎన్ఎంఆర్ యంత్రం లేని కళాశాలల్లో ఉంటూ, నమూనాలను హైదరాబాదుకు పంపి ఫలితాల కోసం వారాల తరబడి ఎదురుచూస్తూ, పాఠాలు చెబుతూ, అన్ని పత్రాలు తేవడం తేలికైన పని కాదు. ఆ రెండు వందల్లో నిజంగా లోతైనవి పది ఉన్నా ఆయన మంచి గైడే. రెండవ ఆచార్యురాలి విషయంలో కూడా కంపెనీ అనుభవం ఒక్కటే చాలదు. పేటెంట్‌లో పదిమంది ఆవిష్కర్తలుంటే ఆమె వంతు ఏమిటో, విశ్వవిద్యాలయానికి వచ్చాక సొంతంగా ఏ సమస్య ఎంచుకున్నారో, జీవ పరీక్షలు ఎవరితో చేయిస్తున్నారో తెలియాలి. రసాయనం ఎంత బాగున్నా పరీక్షించే భాగస్వామి లేని మెడిసినల్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పీహెచ్‌డీ సగంలో ఆగిపోతుంది.

ఇద్దరినీ కలిసినప్పుడు ఒకే ప్రశ్న అడగండి: సార్, లేదా మేడమ్, మీరు ఇటీవల ఏ అణువుల సిరీస్‌ను వదిలేశారు, ఎందుకు వదిలేశారు? ఏ అణువు ఏ పరీక్షలో ఎలా దెబ్బతిన్నదో, అప్పుడు ఏం ఆలోచించారో వివరంగా చెప్పగలిగిన వారి దగ్గర మీరు నేర్చుకునేది ఉంటుంది. మీరు రాసిన వివరాలను బట్టి నా మొగ్గు రెండవ ఆచార్యురాలి వైపు ఉంది, అయితే జీవ పరీక్షలకు ఒక నిర్దిష్టమైన భాగస్వామి సంస్థ ఉందని, మీ సమస్యకు ఆ పరీక్ష ఇప్పటికే అక్కడ నడుస్తోందని ఆమె చూపగలిగితేనే. అది లేకపోతే మొదటి ఆచార్యుడి దగ్గర చేరి, సినాప్సిస్ రాసే దశలోనే డిస్కు పద్ధతికి బదులు ఎంఐసీ, కణాలపై విషప్రభావం, మైక్రోసోమల్ నిలకడ అనే మూడు కొలతలను పని ప్రణాళికలో చేర్చమని వినయంగా, పట్టుదలగా అడగండి. ఆయన అందుకు అంగీకరిస్తే అక్కడ కూడా మంచి పీహెచ్‌డీ చేయవచ్చు. మీరు ఎంచుకున్న పది పత్రాల వివరాలు ఇక్కడ పెడితే, వాటిని చదివి నాకు తోచింది రాస్తాను.